ఏడో ఫైలు

మెత్తబడిన పాత సరోంగ్ లుంగీ గుడ్డతో వియాతి డిస్కును మధ్య నుంచి అంచు వైపుకి తుడుస్తోంది. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. అలా తుడిస్తే పడ్డ గీత అక్షరాల దారి వెంటే పోతుంది, యంత్రం దాన్ని దాటలేదు. అడ్డంగా పడ్డ గీతనైతే ఎలాగోలా దాటేస్తుంది. ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. ఏడాదిన్నరగా రోజుకి ఇరవై డిస్కులు తుడిచి వేళ్ళే నేర్చుకున్నాయి.

గురువారం ఉదయం ఆరున్నర. రాత్రి కురిసిన వాన రేకు కప్పు మీంచి ఇంకా బొట్లు బొట్లుగా పడుతోంది. బల్ల మీద పద్దెనిమిది గుడ్డ సంచులు ఉన్నాయి, పోస్టులో తిరిగొచ్చినవి. తెగల్ ఊరి నుంచి వచ్చిన డిస్కుకి లవంగం సిగరెట్ వాసన, కుదుస్ నుంచి వచ్చినదానికి వేపుడు నూనె వాసన. వాసనను బట్టి ఎవరు వంటింట్లో విన్నారో, ఎవరు అరుగు మీద విన్నారో ఆమె చెప్పగలదు. తుడిచి, పాత పుస్తకం చెరిపి, కొత్త పుస్తకం రాసి, మళ్ళీ సంచిలో పెట్టి పంపుతుంది. చెరిపి మళ్ళీ రాసుకునే డిస్కులు కాబట్టి ఒక్కొక్కటి నలభై యాభై పుస్తకాలు మోస్తుంది.

జావా దీవిలోని సలాతిగా ఊళ్ళో చూపులేనివాళ్ళకి పుస్తకాలు చదివి పంపే చిన్న గ్రంథాలయంలో వియాతి గుమాస్తా. అక్కడి కంప్యూటరు చెడిపోయినప్పటి నుంచీ ఈ పనంతా ఇంట్లోనే చేస్తోంది. ఇంట్లో ఉన్నది మేనల్లుడు పెళ్ళయి సెమరాంగ్ వెళ్ళిపోతూ వదిలేసిన పాత కంప్యూటరు. ముందుగదిలో కుట్టుమిషను పక్కన, దుమ్ము పడకుండా లేసు గుడ్డ కప్పుకుని ఉంటుంది.

ఆమెకి యాభై ఏళ్ళు. సన్నటి మనిషి, మెడలో తాడు కట్టిన కళ్ళజోడు, జుట్టంతా వెనక్కి లాగి కట్టిన ముడి. చిన్నప్పుడొచ్చిన జ్వరానికి గొంతు పోయి, తిరిగి వచ్చేటప్పుడు సగమే వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ గ్రంథాలయానికి ఆమె వెళ్ళింది గుమాస్తా పని కోసం కాదు, చదివే పని కోసం. ఒక పేజీ చదివించుకుని, అప్పటి పెద్దాయన తల ఊపాడు.

"ఉచ్చారణ బాగుంది అమ్మాయ్. గొంతులోనే కాస్త ఇసుక ఉంది," అన్నాడు. "క్యాసెట్లు కాపీ చేసే పని ఉంది. చేస్తావా?"

చేస్తానంది. అంతే. ఇరవై ఆరేళ్ళయింది. చూపులేనివాళ్ళకి డబ్బా మీది అంకె కనబడదు కాబట్టి ప్రతి క్యాసెట్టు మొదట్లో, చివర్లో ఎవరో ఒకరు ఆ సంగతి చెప్పాలి. కథ చదివేవాళ్ళకి అది చిన్న పని. అందుకని వియాతి చెప్పేది. "ఇక్కడితో మొదటి వైపు అయిపోయింది. క్యాసెట్ తిప్పండి." ఇప్పుడైతే, "ఇది రెండో డిస్కు." మధ్య జావా అంతటా మూడు వందల ఇళ్ళలో ఆమె గొంతు తెలుసు, ఈ రెండు ముక్కల వరకు.

తుడవడం ఆపి, మిగతావాటికి దూరంగా పెట్టిన ఒక డిస్కు తీసింది. ఇది అందరూ పాక్ అని, అంటే అయ్యగారని పిలిచే లెగిమిన్‌ది. దీనికి కర్పూరం, నిమ్మగడ్డి కలిసిన నూనె వాసన. ఆయన ఒళ్ళుపట్టే మనిషి. ఇదే ఊళ్ళో, కొండ దిగువ పేటలో ఉంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆయన్ని చూడలేదు. మంగళవారం ఆయనే గ్రంథాలయానికి ఫోను చేశాడు.

"నంబర్లు చెప్పే అమ్మాయివేనా?"

"అవును పాక్."

"మీరు పంపిన కథలో సరంగు మొదట్లో కుర్రాడు. వెంటనే ముసలాడైపోయి పడవ వదిలేసి మిరపనారు నాటుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ కుర్రాడైపోయి పిల్లని చూడటానికి వెళ్ళాడు. ఏం లేహ్యం తిన్నాడో కాస్త చెబితే నేనూ తింటాను."

వియాతికి చెవులు వేడెక్కాయి. "వరస తప్పింది పాక్. నా పొరపాటే. మళ్ళీ రాసి పంపుతాను."

"వరసదేముంది, నేనే మనసులో కలిపి కుట్టుకున్నాను. ఏడు దగ్గర వచ్చింది గొడవ. మూడు నిమిషాలు నడిచాక చదివే అబ్బాయి గొంతు నీళ్ళలో మునిగినట్టయింది. ఆ తర్వాత ఎంత నొక్కినా ముందుకి పోదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది నాకు లేవు. చివర తెలిసి మధ్య తెలియకపోతే మనిషికి నిద్రెలా పడుతుందమ్మా?"

"శనివారానికి అందేలా చూస్తాను."

"శనివారానికి నేనుండను. గురువారం మూడున్నరకి బండి వస్తోంది. సముద్రం దాటి లాంపుంగ్ వెళ్ళిపోతున్నాను, మా అమ్మాయి దగ్గరికి. చేతులు వణుకుతున్నాయి, ఇక ఎవరి వీపూ పట్టలేను. ఈ వినే యంత్రం కూడా మీకు అప్పజెప్పే వెళ్ళాలి కదా." ఆయన కొంచెం ఆగాడు. "మిరపనారు నాటేటప్పుడు రెండు వరసలు ఖాళీగా వదిలేస్తాడమ్మా ఆ సరంగు. ఎందుకో చెప్పడు. పదిహేను రోజులుగా అదే ఆలోచిస్తున్నాను."

"గురువారం నేనే తెస్తాను," అంది వియాతి.

అలా అన్నాక ఫోను పెట్టేసి, తనెందుకలా అందో తనకే తెలియనట్టు కూర్చుండిపోయింది. డిస్కు ఎవరింటికీ ఆమె తీసుకెళ్ళింది లేదు.

ఆ డిస్కు నిన్న సాయంత్రం పోస్టులో చేరింది. ఇప్పుడు దాన్ని కంప్యూటరు ట్రేలో పెట్టింది. వరస ఎందుకు తప్పిందో తెరవగానే తెలిసింది. చదివిన కుర్రాడు ఫైళ్ళకి 1, 2, 3 అని అంకెలే పేర్లుగా పెట్టాడు. యంత్రానికి లెక్క రాదు, అక్షరాలే తెలుసు. 1 తర్వాత, 1తోనే మొదలయ్యే 10, 11, 12 వాయించేసి, అప్పుడు 2 దగ్గరికి వచ్చింది. వియాతి మొదటి తొమ్మిది ఫైళ్ళ పేర్ల ముందూ ఒక సున్నా చేర్చింది. సరంగు బతుకు వరసలో పడింది.

ఇక ఏడు. డిస్కు మీద మరకేదో ఉండి ఉంటుందనుకుంది. ముందు దాన్ని పూర్తిగా చెరిపింది. పైపైన తొందరగా చెరిపేది కాదు, ఇరవై నిమిషాలు పట్టేది. మళ్ళీ రాసింది. గ్రంథాలయం అందరికీ ఇచ్చిన వినే యంత్రం లాంటిదే ఒకటి ఆమె దగ్గరా ఉంది, సరిచూడటానికి. అందులో పెట్టి ఏడుకి వెళ్ళింది. మూడు నిమిషాలు నడిచింది. కుర్రాడి గొంతు బుడబుడమని నీళ్ళలోకి పోయింది.

ఇంకో డిస్కు తీసింది, కొత్తది. అదే తీరు. వేగం బాగా తగ్గించి రాసింది. పాత యంత్రాలు ఇలాంటి డిస్కుల్ని కళ్ళు చికిలించి చదువుతాయి, నిదానంగా రాస్తే అక్షరం లోతుగా పడుతుంది. అయినా సరిగ్గా అక్కడే, అదే మాట మధ్యలో ఆగింది. రెండు డిస్కుల మీద ఒకేచోట మరక ఉండదు కదా. వియాతి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. డిస్కులు పక్కన పెట్టి, కంప్యూటర్లోనే ఆ ఫైలు వాయించింది.

అక్కడా అంతే.

ఒక్కో ఫైలు ఎంత బరువుందో చూసింది. మిగతావన్నీ ఇంచుమించు సమానం. ఏడోది వాటిలో ఆరో వంతు లేదు. పేరుంది గానీ లోపల సరుకు లేదు. డిస్కు ఏ తప్పూ చేయలేదు, తనకిచ్చినదే రాసింది.

అప్పుడు గుర్తొచ్చింది. కుర్రాడు తెచ్చిన పెన్‌డ్రైవ్ లోంచి ఫైళ్ళు ఎక్కించుకుంటున్న రోజున కరెంటు పోయింది. వీధంతా పోలేదు, వీళ్ళ ఇంట్లోనే. వదిన జుమిలా రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె ఒక్కసారే పెడితే మీటరు దగ్గర స్విచ్చి టక్కున పడిపోతుంది. మళ్ళీ వచ్చాక పన్నెండు పేర్లూ కనబడ్డాయి. వియాతి పేర్లు లెక్కపెట్టిందే తప్ప లోపలికి చూడలేదు.

గుమ్మంలో జుమిలా నిలబడి ఉంది. లావుగా, మోచేతుల దాకా పిండితో. వేరుశనగ పొడి మిఠాయి చేసి కాగితాల్లో చుట్టి దుకాణాలకి వేస్తుంది. అన్న పోయి పదకొండేళ్ళయినా వదినా మరదళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే కలిసి ఉంటున్నారు, ఒకరి మీద ఒకరు సణుక్కుంటూ.

"పొద్దున్నించీ ఆ మూడు నిమిషాలే వినిపిస్తున్నావు," అంది జుమిలా. "వాడు పడవలో తాడు విప్పబోతాడు, నువ్వు ఆపేస్తావు. విప్పాడా లేదా?"

"ఫైలు చచ్చిపోయింది వదినా."

"ఎలా?"

వియాతి మీటరు వైపు ఒకసారి చూసింది. జుమిలా కూడా అటే చూసింది. కొంగు కొసతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడుచుకుంది.

కుర్రాడికి ఫోను చేసింది వియాతి. ఫెబ్రి అతని పేరు, చదువైపోయి ఎక్కడో దూరాన కాలిమంతాన్‌లో ఏదో గనిలో చేరాడు. వెనక పెద్ద యంత్రాల మోత.

"ఏడోదా? అయ్యో అమ్మా, ఆ పెన్‌డ్రైవ్‌లో మా అక్క పెళ్ళి ఫోటోలు వేసేశాను. మీ దగ్గరుందిగా అని అంతా చెరిపేశాను."

"తప్పు నీది కాదులే నాన్నా. ఒంట్లో బాగుందా? తింటున్నావా వేళకి?"

తింటున్నానన్నాడు. గ్రంథాలయానికి ఫోను చేస్తే, చదివేవాళ్ళెవరూ సోమవారం దాకా రారన్నారు. గోడ గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది. అచ్చు పుస్తకం ఆమె ముందే ఉంది, సరిచూడటానికి ఇంట్లో ఉంచుకున్నది. ఏడో అధ్యాయం, పద్నాలుగు పేజీలు. పక్కనే అంకెలు చెప్పడానికి వాడే చిన్న మైకు.

ఆమె మైకు వైపు చూడలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. వంటింట్లో నిలబడే, "వదినా, కాసేపు మూకుడు దింపగలవా?" అంది.

"ఎందుకు?"

"చప్పుడవుతుంది. చదవాలి."

"ఎవరు?"

వియాతి గ్లాసు బోర్లించింది. జుమిలా మరదలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పొయ్యి కట్టేసింది. రైస్ కుక్కర్ వైరు గోడలోంచి లాగి, చుట్ట చుట్టి, బీరువా పైన పెట్టింది, ఎవరైనా పొరపాటున కూడా తగిలించకుండా.

ముందుగదిలో మాట కొంచెం మోగుతుంది. అందుకని వియాతి కుర్చీ చుట్టూ రెండు దుప్పట్లు ఆరేసుకుంది. జుమిలా బయట ముక్కాలిపీట వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

మొదటి పేజీ మూడుసార్లు చదివింది. మొదటిసారి మరీ తొందరగా చదివేసింది. రెండోసారి ఫెబ్రిలా చదవబోయింది, బొంగురు గొంతు ఆ వేషం వేయలేకపోయింది. మూడోసారి ఎవరిలానూ చదవలేదు. ఇంట్లో ఎవరికో ఉత్తరం చదివి పెట్టినట్టు చదివింది. సరంగు తాడు విప్పాడు. పడవ రేవు వదిలింది. అతని పెళ్ళాం మొదటిసారి అతనితో నది మీదకి వచ్చింది, పై ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళాలని. మూడు రోజుల ప్రయాణం. మంచి ఎండ.

నాలుగో పేజీలో పక్కింటి పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆరో పేజీలో ఎవరో గేటు దగ్గరికి వచ్చారు.

"వియాతి ఉందా?"

"లేదు," అంది జుమిలా గుసగుసగా.

"లోపల మాట వినబడుతోందిగా."

"నది మీద ఉంది. సాయంత్రం రా."

తొమ్మిదో పేజీకి వచ్చేసరికి వియాతికి తన గొంతు తనకి వినబడటం మానేసింది. పెళ్ళాం ఒక చిన్న రేవులో దిగుతానంటుంది. పుట్టిల్లు ఇంకా ఒక రోజు దూరం. ఇక్కడెందుకని సరంగు అడుగుతాడు. ఒడ్డున ఒక మిరప తోట. వరసల మధ్య ఇద్దరు పక్కపక్కన నడిచేంత ఖాళీ వదిలి నాటారు. మా అమ్మా నాన్నా ఇలాగే నాటేవారు, నీళ్ళు పోస్తూ మాట్లాడుకుంటూ నడవడానికి, అంటుంది పెళ్ళాం. ఇద్దరూ ఆ వరసల మధ్య ఆ చివరి దాకా నడిచి వస్తారు. ఆ రాత్రి ఆమెకి జ్వరం మొదలవుతుంది. మూడో రోజున పడవ ఖాళీగా దిగువకి తిరిగి వస్తుంది.

సరిగ్గా అక్కడ వీధిలో మాంసం ఉండల బండివాడు వెదురు బొంగు మీద టక్ టక్ మని కొట్టుకుంటూ వెళ్ళాడు. వియాతి ఆగాలనుకుంది. ఆగితే ఆ వాక్యం మళ్ళీ చదవాలి. చదవగలనని అనిపించలేదు. అలాగే కొనసాగించింది. బండి చప్పుడు మెల్లగా వీధి మలుపు తిరిగింది.

అధ్యాయం అయిపోయాక మైకు ఆపి, దుప్పటి తొలగించింది. జుమిలా గుమ్మంలో అటు తిరిగి కూర్చునే ఉంది. వీపు కదులుతోంది.

"మీ అన్న కూడా," అని మొదలుపెట్టింది. లేచి ముక్కు చీదుకుంది. "నీకింత బాగా చదవడం వస్తే ఇరవై ఏళ్ళ నుంచి నాకు సబ్బు కాగితం మీదిది కూడా చదివి పెట్టలేదే."

"అడిగావా ఎప్పుడైనా?"

"అడిగితేనేనా?"

ఫైలు పేరు ముందు సున్నా పెట్టి, పాతదాన్ని తీసేసి, పన్నెండూ వరసగా డిస్కు మీద రాయడానికి పెట్టింది. అన్నిటికన్నా తక్కువ వేగంతో. తెర మీద నీలి గీత చీమలా పాకుతోంది. నూటికి అరవై మూడు దగ్గర పాక్కుంటూ పాక్కుంటూ ఆగినట్టయింది. జుమిలా మీటరు కింద, ఎవరో దాన్ని ఎత్తుకుపోతారన్నట్టు నిలబడి కాపలా కాస్తోంది. గీత మళ్ళీ కదిలింది. చివరిగా, ఇక ఏమీ రాయకుండా డిస్కును మూసేయమని వియాతి కంప్యూటరుకి చెప్పింది. మూయకపోతే ఇంట్లో కనబడే ఫైళ్ళు ఆయన యంత్రంలో కనబడవు. ట్రే బయటికి వచ్చింది. వినే యంత్రంలో పెట్టి ఏడుకి వెళ్ళి, మూడో నిమిషం దాటేదాకా విని, అక్కడితో ఆపేసింది. తన గొంతు తను ఎక్కువసేపు వినలేకపోయింది.

తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరుతుంటే జుమిలా ఒక పొట్లం చేతిలో పెట్టింది. మిఠాయి, ఆ పొద్దుటిదే. "ప్రయాణంలో తింటాడు. వేరుశనగ అరుగుతుందా ఆయనకి, అడుగు ముందు."

*

కొండ దిగువ పేటలో పాక్ లెగిమిన్ ఇల్లంటే అందరికీ తెలుసు. రెండు కావస్తోంది. ఒకే గది, దానికి ముందు చిన్న వసారా. సామానంతా అప్పుడే మూటలు కట్టేసి ఉంది. ఒళ్ళుపట్టే బల్ల ఎవరికో ఇచ్చేసినట్టున్నారు, నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. ఆయన చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, గట్టి భుజాలు, ఇస్త్రీ చేసిన బాతిక్ అద్దకం చొక్కా. చేతులు ఒళ్ళో పెట్టుకున్నా సన్నగా వణుకుతున్నాయి. కూతురు సార్మి, నలభై ఏళ్ళది, తాడుతో ఆఖరి మూట బిగిస్తోంది.

"పాక్, నేను. డిస్కు తెచ్చాను."

ఆయన ముఖం ఆమె వైపు తిప్పాడు. "చూశావా సార్మి, చెప్పలేదూ? తిప్పండి అంటే తిప్పాలనిపించే గొంతు. రా అమ్మాయ్, కూర్చో. నువ్వు ఇంకా పొడుగ్గా ఉంటావనుకున్నాను."

"నేనెంత పొడుగో మీకెలా తెలిసింది?"

"మాట నా తలకి కాస్త పైనుంచే వస్తోంది. నిలబడే ఉన్నావుగా."

సార్మి నవ్వింది. "గంటన్నరే ఉంది నాన్నా. బండి మూడున్నరకే."

"మూడు అధ్యాయాలే. గంట చాలు. పెట్టు అమ్మాయ్, ఏడు నుంచి."

వియాతి యంత్రంలో డిస్కు పెట్టింది. చెవుల్లో పెట్టుకునేవి ఆయన వద్దన్నాడు, బయటికే వినిపించమన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక మనిషి పుస్తకం వింటుండగా పక్కన కూర్చోవడం ఆమెకిదే మొదలు. ఎటు చూడాలో తెలియలేదు. తన పాదాల వైపు చూసింది.

"ఏడో అధ్యాయం," అంది యంత్రంలోని గొంతు.

పాక్ లెగిమిన్ తల కాస్త పైకెత్తాడు. ఇటు తిరగలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీదకి చేర్చుకున్నాడు. పావురాల రెక్కల చప్పుడు దగ్గర పెదవి కొంచెం కదిలింది. పెళ్ళాం రేవులో దిగుతానన్నప్పుడు చెయ్యి చాప మీద తడుముకుంటూ వెళ్ళి అంచు పట్టుకుంది. సార్మి మూట కట్టడం ఆపేసి తాడు చేతిలోనే ఉంచుకుని కూర్చుంది. మాంసం ఉండల బండి చప్పుడు వచ్చింది, వెళ్ళింది.

అధ్యాయం అయిపోయింది. ఎనిమిదోది ఫెబ్రి గొంతుతో మొదలవబోతుంటే ఆయన చెయ్యెత్తాడు. వియాతి ఆపింది.

"అందుకా," అన్నాడు. "ఖాళీ వరసలు కావన్నమాట అవి."

వసారా చూరు మీద సన్నగా వాన మొదలైంది.

"అంత పై ఊళ్ళో, ఆ అడవిలో కూడా మాంసం ఉండల బండి వచ్చిందే అమ్మాయ్," అన్నాడు.

వియాతి తల దించుకుంది. "ఆపి మళ్ళీ చదవాల్సింది పాక్. తీసేస్తాను ఆ ముక్క."

"తీయకు. ఏడవకుండా ఆపింది నన్ను ఆ బండివాడే." ఆయన చెయ్యి చాచాడు. "నీ కుడిచెయ్యి ఇటు ఇవ్వు."

ఇచ్చింది. వణుకుతున్న వేళ్ళు ఆమె బొటనవేలి మొదలు వెతికి పట్టుకున్నాయి. పట్టుకోగానే వణుకు ఆగిపోయింది. మణికట్టు దాకా నిదానంగా, ఎముకని అడిగి తెలుసుకుంటున్నట్టు నొక్కుకుంటూ వెళ్ళాడు. ఆ కీలులో అంత నొప్పి ఉందని వియాతికి అప్పటిదాకా తెలియదు.

"ఈ వేలితోనే నొక్కి తుడుస్తావా మా అందరి డిస్కులూ?"

"అవును పాక్."

"రాత్రి పడుకునేముందు వేడినీళ్ళలో పెట్టు. రోజూ." చెయ్యి వదల్లేదు. "ఈ డిస్కు రేపు చెరిపేస్తావు కదూ?"

"చెరపాలి. ఇంకో పుస్తకం వేసి ఇంకెవరికో పంపాలి. ఫైలు మాత్రం కంప్యూటర్లో ఉంటుంది. ఈ పుస్తకం ఎవరడిగినా అదే వెళ్తుంది."

"అలాగైతే ఫర్వాలేదు." ఆమె అరచేతిని మూసి, ఆమె ఒళ్ళోనే పెట్టాడు. "ఎనిమిది పెట్టు. అతని పడవ ఖాళీగా వస్తోంది, ఎవరైనా ఎదురెళ్ళారో లేదో చూద్దాం."

ఎనిమిది అయింది. తొమ్మిది సగంలో ఉండగా బయట హారను మోగింది. మూడూ ఇరవై. డ్రైవరుకి సార్మి గొడుగు పట్టుకెళ్ళి ఏం చెప్పిందో గాని, అతను ఇంజను ఆపి సీట్లో వెనక్కి వాలాడు. తొమ్మిది పూర్తయ్యాక ఆయనే యంత్రం మీట తడిమి ఆపాడు. వైరు నాలుగు చుట్లు చుట్టి, రెండు చేతులతో వియాతికి అందించాడు.

"పదో అధ్యాయం నాకు వచ్చు," అన్నాడు. "ఇక్కడినుంచి వచ్చు."

మూటలు బండి ఎక్కాయి. మిఠాయి పొట్లం ఇచ్చి, వేరుశనగ అరుగుతుందా అని వియాతి అడిగింది. అరక్కపోతే మాత్రం ఒదులుతానా అన్నాడాయన. వసారాలో నిలబడి గుమ్మం చెక్కను పైనుంచి కిందికి ఒకసారి తడిమాడు. సార్మి గోడకి కొట్టిన పాత రేకు బోర్డు దగ్గర పటకారుతో పెనుగులాడుతోంది.

"నాన్నా, బోర్డు రావట్లేదు. మేకు తుప్పు పట్టి గోడలో కరుచుకుపోయింది."

"ఉండనీలే. అక్కడ దాన్ని ఎక్కడ తగిలిస్తాను?"

సార్మి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన మరో చేతిని గాలిలో, వియాతి ఉందనుకున్న వైపుకి కొంచెం ఎత్తి దించాడు. సరైన వైపుకే. బండి వానలో సందు చివరి దాకా వెనక్కి వెనక్కి వెళ్ళి, రోడ్డెక్కి, కనబడకుండా పోయింది.

వియాతి వసారాలోనే ఉండిపోయింది, వాన తగ్గాక వెళ్దామని. సంచిలో యంత్రం ఇంకా కాస్త వెచ్చగానే ఉంది. పక్కింటి ఆవిడ గొడుగేసుకుని వచ్చి గొళ్ళెం పెట్టి, తాళం వేసి, తాళంచెవి పట్టుకుని వెళ్ళిపోయింది. అప్పుడు ఆ రేకు బోర్డు వైపు చూసింది వియాతి. ఒక పక్క మేకు ఊడి కొంచెం ఒరిగి ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో చేత్తో రాసిపెట్టిన నీలం అక్షరాల మీదుగా వాన జారుతోంది: లోపలే ఉన్నాను, తలుపు తోసుకుని రండి.